ఫోనులో 'పోలీసు'

ఇంట్లో ఫోను మోగింది. అవతలివాడు పోలీసు అధికారినంటాడు. "మీపై కేసుంది. వీడియో కాల్ ముందునుంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అని గద్దిస్తాడు. దీనికే 'డిజిటల్ అరెస్టు' అని పేరు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు సుమా!

ఏమీ తెలియనివారే మోసపోతారనుకుంటున్నారా? జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ సినీ కుటుంబాలకూ ఈ బెడద తప్పలేదు. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసుల పత్రికా సమావేశంలో నటుడు నాగార్జున ఒక సంగతి చెప్పారు. అంతకు ఆరు నెలల క్రితం తమ కుటుంబ సభ్యులొకరిని ఇలాగే రెండు రోజులు కట్టిపడేశారట. పోలీసులకు తెలియజేయగానే మోసగాళ్లు మాయమయ్యారట.

మరి తెరమీద మన దేశపు నంబరే కనిపిస్తుందే? అక్కడే ఉంది కిటుకు. ఉత్తరం మీద 'పంపినవారు' అన్నచోట ఎవరి పేరైనా రాయవచ్చు కదా! ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్‌కు నంబరు కూడా అలా పంపేవాడు అంటించే చీటీయే. విదేశాలనుంచి ఇలా వచ్చే కాల్స్‌ను ఆపే ఏర్పాటు 2024 అక్టోబరులో మొదలైంది. మొదటి 24 గంటల్లోనే సుమారు 1.35 కోట్ల దొంగ కాల్స్ చిక్కాయి! అయితే దేశంలోని సిమ్ కార్డులనుంచే చేసే కాల్స్ ఈ వలకు చిక్కవు.

అలాంటి ఫోను వస్తే మాట మధ్యలోనే పెట్టేయండి. మర్యాద కాదేమోనని సంకోచించకండి. ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడమే వాళ్ల ఎత్తు. వెంటనే అమ్మకో నాన్నకో చెప్పండి. డబ్బు పోయిందా, 1930కి ఫోను చేయించండి. ఆలస్యం కాకపోతే, సొమ్ము ఖాతాలు మారేలోగా బ్యాంకులోనే ఆపించే వీలుంది.