అడవి మాను రైలెక్కిన విధము

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములవారికి రైలు క్రొత్త కాదు. దక్షిణ భారతదేశమున మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1వ తేదీన రాయపురమున బయలుదేరి, తిరువళ్ళూరు మీదుగానే వాలాజా చేరినది. అయినను వందల కిలోల బరువుగల అడవి మాను రైలుబండిపైకి ఎట్లు చేరునో మనలో చాలమంది యోచించి యుండరు. ఈ సంవత్సరము మన పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకు తొమ్మిదవ తరగతి విద్యార్థులు చేసిన నమూనా ఈ విషయమునే తెలుపుచున్నది.

ఇట్టి రైలు మనకు దూరమైనది కాదు. కొచ్చిన్ సంస్థానమువారు పరంబికుళం అడవులనుండి టేకు, ఈటి మానులను చాలకుడికి చేర్చుటకు సుమారు 79 కిలోమీటర్ల ట్రాము మార్గమును నిర్మించిరి. అది 1907 మొదలు 1963 వరకు నడచినది. ఎంజిను ఎక్కజాలని కొండవాలులలో బండ్లను ఇనుపమోకుతో కప్పిమీదుగా కలిపెడివారు. మానులతో నిండిన బండి దిగుచుండగా, దాని బరువే వట్టి బండిని పైకి లాగెడిది.

యంత్రములు లేనిచోట దుంగను బండిపైకి ఎక్కించు పద్ధతి మిక్కిలి సులభమైనది. బండి ప్రక్కన రెండు గడలను ఏటవాలుగా ఆనింతురు. రెండు మోకుల కొనలను బండికి కట్టి, వానిని దుంగ క్రిందుగా పోనిచ్చి, పైనుండి మరల బండి ఆవలి వైపునకు తెత్తురు. అచ్చట నిలిచినవారు లాగగా దుంగ దొరలుచు పైకి వచ్చును. ఇందు వాలుతలము, కదలెడి కప్పి అను రెండు సాధనములు కలిసి పనిచేయుచున్నవి. బండి యెత్తు 1 మీటరు, గడల పొడవు 3 మీటర్లు అయినచో వాలువలన బలము మూడవవంతు చాలును. మోకు మడతవలన అందులో సగము చాలును. అనగా 500 కిలోల దుంగకు సుమారు 83 కిలోల లాగుడు, దానికి తోడు రాపిడిని గెలుచుటకు మరికొంత. అయితే దుంగ మూరెడు కదలుటకు మోకును రెండు మూరలు లాగవలెను. ప్రకృతి ఏదియు ఊరక ఈయదు.

అమెరికాలో ఈ పనికి ఆవిరి యంత్రములు వచ్చినవి. మెక్‌గిఫర్ట్ యంత్రము పట్టాలకు ఇరువైపుల కాళ్ళూని, తన చక్రములను పైకెత్తుకొని నిలుచును. వట్టి బండ్లు దాని క్రిందుగా సాగుచుండగా ఒక్కొక్కదానిని నింపును. బార్న్‌హార్ట్ యంత్రము బండ్లపైననే అమర్చిన పట్టాలమీద నడచుచు, ఒక బండిని నింపి వెనుకటి బండికి జరుగును.

నమూనా చేయుటలో విద్యార్థులకు ఒక చిక్కు వచ్చినది. బొమ్మరైళ్ళలో వాడుకగా నున్న 87వ వంతు కొలతలో 4 మీటర్ల దుంగ 4.6 సెంటీమీటర్లగును. బరువు మాత్రము ఆరున్నర లక్షల వంతునకు తగ్గి, 500 కిలోల దుంగ ఒక గ్రామైనను తూగదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గుటయే దీనికి కారణము. కావున వారు 20వ వంతును ఎన్నుకొనిరి. దుంగ 20 సెంటీమీటర్లు, 60 గ్రాములు అయినది. లెక్క ప్రకారము 10 గ్రాముల లాగుడు చాలవలెను; కాని దుంగ కదలలేదు. మరికొంత బరువు తగిలించిన పిమ్మట కదలినది. రాపిడి అను మాట వారికి ఆనాడు నిజముగా బోధపడినది.

ప్రదర్శన చూడవచ్చిన ఒక తండ్రిగారు, “చదువుకొమ్మని పంపితే చెక్కముక్కలతో ఆడించుచున్నారే! పైగా తెలుగులో యంత్రశాస్త్రము ఎంతవరకు వచ్చును?” అని అడిగిరి. నేను బదులు చెప్పకమునుపే, ఒక విద్యార్థి తాతగారు నమూనాయొద్దకు వచ్చిరి. వారు వయసులో సరుగుడు కట్టె, మామిడి దుంగలు బండ్ల కెత్తినవారు. “నాయనా, రెండు మోకులూ సమానంగా లాగాల. లేకుంటే దుంగ అడ్డం తిరుగుతాది. దుంగ దొర్లే దారిలో మనిషిని నిలపగూడదు” అనిరి. పిల్లలు లాగి చూడగా అట్లే దుంగ అడ్డము తిరిగినది. “ఇన్‌క్లయిన్డ్ ప్లేన్” అని వ్రాసికొనిన బాలుడు దాని ప్రక్కన “ఏటవాలు గడలు” అని వ్రాసికొనెను.

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినను మన ఇండ్లలోని మాట మారలేదు. తమిళమును, ఇంగ్లీషును మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే; అవి బ్రతుకుతెరువునకు అవసరము. కాని పాఠము ఇంటి భాషలో నున్నప్పుడే తాతగారి అనుభవము తరగతిలో అడుగుపెట్టగలదు. ఆ తలుపు మూసినచో, పెద్దలు చేతులతో సంపాదించిన శాస్త్రము వారితోనే పోవును.

కావున తల్లిదండ్రులకు నా మనవి యొకటి. మీ ఇంటి పెద్దలు చేసిన పనిని గూర్చి, వాడిన పనిముట్ల పేర్లను గూర్చి పిల్లలచేత అడిగించుడు, వ్రాయించుడు. వచ్చు సంవత్సరపు ప్రదర్శనమునకు అదియే మాకు మూలధనము.