చార్మినార్ చూడబోయే మిత్రులకు

హాస్టల్ మిత్రులారా! హైదరాబాద్ వెళ్తే చార్మినార్ చూడకుండా రాకండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడాన్ని రద్దీ పెరగకముందే, పొద్దున్నే చూడాలి. మేం నలుగురం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లతో సరిపెట్టుకున్నాం. బిర్యానీకి డబ్బుల్లేవు, నిజం చెప్పాలి కదా!

చార్మినార్‌కు పడమటి వైపే లాడ్ బజార్. అక్కడి లక్క గాజులు ప్రసిద్ధి. లక్కను నిప్పుల సెగకు మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, ఒక్కో రాయిని చేత్తో పొదుగుతారు. చెప్పిన ధరలో సగానికి అడగమని మాకు అందరూ నేర్పి పంపారు. తీరా దుకాణం మెట్టు మీద, కుంపటి ముందు కూర్చున్న పెద్దావిడ వేళ్ల మీద కాలిన మచ్చలు చూశాక మాకు నోరు రాలేదు. మా అమ్మలవీ కూలి చేతులే. బస్సు చార్జీలు పక్కన పెట్టుకుని, అమ్మకని తలా ఒక జత కొన్నాం.