సంగటి సీమ నుంచి సోల్ దాకా..
కొరియా వెళ్లే జంటకు కొన్ని వంటింటి ముచ్చట్లు

ధర్మపురి: ఆలుమగలిద్దరూ కొరియా బయలుదేరుతున్నారని తెలిస్తే మన ఇళ్లలో పెద్దవాళ్లు ముందుగా వీసా గురించి అడగరు, విమానం గురించీ అడగరు. ‘అక్కడేం తింటారు?’ అంటారు. ప్రశ్న చిన్నదే. జవాబే చిన్నది కాదు. ఇంట్లో ఆయన అన్నీ తిని, ఆమె గుడ్డు కూడా ముట్టని మనిషైతే మరీ చిక్కు. పది రోజుల విహారమైతే బిస్కెట్లతో నెట్టుకురావొచ్చు. ఉద్యోగం మీద ఏడాది ఉండాల్సి వస్తే పొయ్యి వెలిగించక తప్పదు.

ధర్మపురికీ కొరియాకూ ఏం సంబంధం అనుకోవద్దు. ఊరి పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కృష్ణగిరి, హోసూరు, బెంగళూరు దాటి పైకి పోతే పెనుకొండ వస్తుంది. అక్కడ ఎర్రమంచి దగ్గర రోడ్డు పక్కనే కియా కార్ల ఫ్యాక్టరీ. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం, 2019లో కార్ల ఉత్పత్తి. ఆ వెంటే కొరియా భాషలో బోర్డులు, కొరియా భోజనశాలలు ఆ కరవు సీమకు వచ్చేశాయి. ఇటు తమిళనాడులో అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1998లో, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ శాంట్రో కారు బయటికొచ్చింది. ఈ ఫ్యాక్టరీలు, వాటికి విడిభాగాలు చేసిచ్చే కంపెనీల వల్లే మన కుర్రాళ్లకు కొరియా అనే మాట దగ్గరైంది. శిక్షణకని పోయేవాళ్లు, పెళ్లయ్యాక భార్యను తీసుకెళ్లేవాళ్లు, టీవీ సీరియళ్లు చూసి సరదాగా పోదామనుకునేవాళ్లు.. దారులు వేరైనా చివరికి అందరూ కూర్చోవాల్సింది ఆ పళ్లెం ముందే.

ముందుగా వెళ్లిన జంట

భారతదేశానికీ కొరియాకూ మధ్య జంట కథ ఒకటి ఎప్పట్నుంచో ఉంది. పదమూడో శతాబ్దంలో ఇర్యొన్ అనే బౌద్ధ భిక్షువు కూర్చిన ‘సంగుక్ యూసా’ ప్రకారం, క్రీ.శ. 48లో ‘అయుత’ అనే దేశం నుంచి పదహారేళ్ల రాజకుమారి ఓడెక్కి వచ్చి, గయ రాజ్యాన్ని ఏలే సురో రాజును పెళ్లాడింది. ఆమె పేరు హొ హ్వాంగ్ ఓక్. గిమ్హే వంశం కిమ్‌లు, హొ ఇంటిపేరు వాళ్లు లక్షలాది మంది ఈ జంటనే తమ మూలపురుషులుగా చెప్పుకొంటారు. అయుత అంటే అయోధ్య అని కొందరన్నారు. అక్కడ 2001లో రాణి పేరిట స్మారకం కూడా కట్టారు. కాదు, అది తమిళ దేశమేనని ఇక్కడివాళ్ల వాదన. సంఘటన జరిగిందని చెబుతున్న కాలానికీ పుస్తకానికీ మధ్య పన్నెండు వందల ఏళ్ల దూరం ఉంది. కాబట్టి దీన్ని చరిత్ర అని బల్లగుద్ది చెప్పలేం, కథగా వినడమే మేలు. పాపం ఆ పిల్ల అత్తారింట్లో ఏం తిన్నదో, ఏం వండుకున్నదో మాత్రం ఆ కథ చెప్పదు!

మాటల పోలికలూ ఉన్నాయి. కొరియాలో తల్లి ‘ఒమ్మా’, తండ్రి ‘అప్పా’. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లో కొరియా భాషను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఏకంగా ఒక వ్యాకరణమే రాశాడు. భాషావేత్తలు ఈ చుట్టరికాన్ని ఇప్పుడు ఒప్పుకోరు. అమ్మ, అప్ప లాంటి మాటలు ప్రపంచంలో చాలా చోట్ల ఇలాగే ఉంటాయి. అయినా పరాయి ఊరి బస్సులో పక్కసీటు పిల్లాడు ‘అప్పా’ అని పిలిస్తే మనసు చల్లబడటానికి వ్యాకరణంతో పనేముంది?

ఇంకో పోలిక మాత్రం కచ్చితం. ఇక్కడ తమిళంలో ‘సాప్టీంగళా’, తెలుగులో ‘భోంచేశారా’ అని పలకరిస్తాం కదా. కొరియావాళ్లూ అంతే. ‘బాప్ మొగొస్సొయో?’ అంటారు. బాప్ అంటే అన్నం. అన్నం తిన్నారా అని అడిగితే బాగున్నారా అని అర్థం.

శాకాహారమా? అడిగి తినండి

కొరియా పళ్లెం చూడ్డానికి శాకాహారిలానే ఉంటుంది. అన్నం, ఆకుకూరలు, మొలకలు, ముల్లంగి, క్యాబేజీ. చిన్న చిన్న గిన్నెల్లో వచ్చే ఈ పక్కకూరలను ‘బంచాన్’ అంటారు. అయిపోతే మళ్లీ అడగొచ్చు, చాలా చోట్ల డబ్బు తీసుకోరు. మోసమంతా కంటికి కనబడని చోట ఉంటుంది. చారు కాచే నీళ్లలో ఎండు నెత్తళ్లు మరిగిస్తారు. కిమ్చీలో ఉప్పు రొయ్యలు, చేప రసం కలుపుతారు. ‘గోగి ప్పె జుసెయో’ అంటే మాంసం తీసేసి పెట్టండని. వడ్డించేవాళ్లు మాంసం ముక్కలు తీసేసి, అదే చారు పోసి ఇస్తారు. వాళ్ల లెక్కలో మాట తప్పలేదు. మన లెక్కలో ఆ పూట ఉపవాసం. అందుకే చేప, రొయ్య, మాంసపు నీళ్లు ఏవీ వద్దని కొరియా భాషలో రాయించిన చీటీ ఒకటి జేబులో ఉంచుకోవడం మంచిది.

నిశ్చింతగా తినాలంటే బౌద్ధాలయాల భోజనం ఉంది. మాంసం, చేప లేకపోవడమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మన ఇళ్లలో మడి వంట చేసే అవ్వలకు ఈ నియమం కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. బేక్యాంగ్సా ఆలయ ఆశ్రమంలో ఉండే భిక్షుణి జొంగ్ క్వాన్ వంట 2017లో నెట్‌ఫ్లిక్స్ ‘షెఫ్స్ టేబుల్’లో వచ్చాక ప్రపంచమంతా అటు చూసింది. కొరియాలో చాలా ఆలయాలు రాత్రి బస ఇచ్చి భోజనం పెడతాయి. ఆలుమగలు కలిసి వెళ్లొచ్చు. తెల్లవారుజామున లేవాలి, గిన్నెలో మెతుకు మిగల్చకూడదు. హోటల్ గది సుఖాలు అక్కడ వెతుక్కోవద్దు.

జంటగా వెళ్తే ఒక లాభముంది. మాంసం కాల్చుకు తినే చోట్ల, పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి వండే చోట్ల కనీసం ఇద్దరికి సరిపడా చెప్పాలంటారు. ఒంటరిగా పోయినవాడికి ఇదే తలనొప్పి. అన్నం చెంచాతో తినాలి, కూరలకు లోహపు పుల్లలు. గిన్నె చేత్తో ఎత్తి తింటే తప్పు. పెద్దవాళ్లు చెంచా పట్టాకే మిగతావాళ్లు మొదలుపెట్టాలి. ఏదైనా ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు రెండు చేతులూ వాడాలి. టిప్పు ఇవ్వాల్సిన పనిలేదు.

మన ఇంట్లో ఎండకు అలవాటుపడిన ప్రాణాలకు జనవరి సోల్ వద్దు, సగటున సున్నా కంటే కిందే. ఏప్రిల్ మొదట్లోనో, అక్టోబరులోనో వెళ్తే హాయి. వీసా తప్పనిసరి. చెన్నైలో కొరియా కాన్సులేట్ ఉంది. గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. పెట్టెలో పప్పుల పొడి, కంది పొడి సర్దుకోండి. మాంసం పదార్థాలు, తాజా పండ్లు మాత్రం విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

పెసరట్టు అక్కడా ఉంది!

సోల్‌లో గ్వాంగ్‌జాంగ్ అనే పాత సంత ఉంది. 1905లో మొదలైంది. అక్కడ తిరగలి పెట్టి నానిన పెసర పప్పు రుబ్బుతూ, పెద్ద పెనం మీద నూనెలో మందంగా అట్లు పోస్తుంటారు. పేరు ‘బిందేత్తొక్’. పెసరట్టుకు దూరపు చుట్టమనుకోండి. మొలకలు, కిమ్చీ ముక్కలు కలుపుతారు. పంది మాంసం కూడా కలిపే అలవాటుంది, అడిగే కొనాలి.

చుసొక్ పండగ సంగతి ఇంకా విచిత్రం. వాళ్ల ఎనిమిదో చాంద్రమాసపు పున్నమి నాడు వస్తుంది, సుమారుగా మన భాద్రపద పౌర్ణమి. బియ్యప్పిండి ముద్దలో నువ్వులు, తీపి కూరి, అర్ధచంద్రంలా మడిచి, పైన్ ఆకుల మీద ఆవిరికి ఉడికిస్తారు. దాన్ని ‘సోంగ్‌ప్యొన్’ అంటారు. అదే పక్షంలో చవితి నాడు మనం చేసే కుడుములు, తమిళుల కొళుకట్టై చూసినవాళ్లకు ఇది ఎక్కడి వంటో చెప్పడం కష్టమే. ఒక్క జాగ్రత్త. ఆ పండగ మూడు రోజులూ హోటళ్లు చాలావరకు మూసేస్తారు, రైలు టికెట్లు దొరకవు.

ఉళవర్ సందై కూరగాయలతో కిమ్చీ

వెళ్లొచ్చినవాళ్లకే కాదు, వెళ్లలేనివాళ్లకూ కిమ్చీ అందుతుంది. కావాల్సినవన్నీ ధర్మపురిలోనే దొరుకుతాయి. కొరియావాళ్లు వాడే పొడవాటి నాపా క్యాబేజీ లేకపోతే మన గుండ్రటి క్యాబేజీతో పని కానివ్వొచ్చు. కాస్త గట్టిగా ఉంటుంది, అంతే. లేదా నేరుగా ముల్లంగికి పోవచ్చు. ముల్లంగి ముక్కలతో చేసేదాన్ని ‘క్కక్‌దుగి’ అంటారు. మొదటిసారి చేసేవాళ్లకు ఇదే సులువు.

అసలు చిక్కు కారంతో. గుంటూరు కారం వేస్తే నోరు కాలిపోతుంది, రంగు రాదు. వాళ్ల ‘గోచుగారు’ ఎర్రగా, తీయగా, తక్కువ ఘాటుతో ఉంటుంది. దానికి దగ్గరగా వచ్చేది బ్యాడగి మిరపకాయ. గింజలు తీసేసి బరకగా దంచుకోవాలి. మిరప అటు కొరియాకూ ఇటు మనకూ పోర్చుగీసు ఓడల కాలం తర్వాత వచ్చిందే. అంతకుముందు కిమ్చీ ఎర్రగా లేదు, మన పచ్చళ్లూ ఎర్రగా లేవు.

కిలో క్యాబేజీని రెండంగుళాల ముక్కలు చేయాలి. నాలుగు పెద్ద చెంచాల కల్లుప్పు చల్లి రెండు గంటలు వదిలేయాలి. మధ్యలో రెండుసార్లు తిప్పాలి. ముక్క విరగకుండా వంగితే ఉప్పు పట్టినట్టు. రెండు మూడు నీళ్లలో కడిగి చిల్లుల గిన్నెలో వడకట్టాలి. ఈలోపు ఒక గ్లాసు నీళ్లలో చెంచా బియ్యప్పిండి కలిపి గంజి కాచి చల్లార్చాలి. అందులో నాలుగైదు చెంచాల బ్యాడగి కారం, పది వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క నూరి కలపాలి. చెంచా చక్కెర, సన్నగా తరిగిన ముల్లంగి, ఉల్లికాడలు వేయాలి. చేపలు తినే ఇళ్లలో సంతలో దొరికే ఎండు నెత్తళ్లను వేయించి పొడి చేసి కలిపితే అసలు రుచి వస్తుంది. తినని ఇళ్లలో చెంచా సోయా సాస్ చాలు. అంతా ముక్కలకు పట్టించి, గాజు సీసాలో గాలి లేకుండా అదమాలి. సీసాలో పావు వంతు ఖాళీ ఉంచాలి, లేకుంటే పులిసి పొంగి గట్టంతా ఎరుపే.

నూనె వద్దు, ఆవాలు వద్దు, తాలింపు అసలే వద్దు. చెయ్యి ఊరుకోదు, నిజమే. కానీ పోపు పెడితే అది ఇంకో పచ్చడి అవుతుంది.

పులిసే కాలం దగ్గరే కొరియా పుస్తకాల లెక్క ఇక్కడ పనిచేయదు. వాళ్ల చలికి రెండు మూడు రోజులు బయట పెట్టమంటారు. ధర్మపురి వేసవిలో ఒక్క రోజు చాలు, తర్వాత ఫ్రిజ్‌లోకి పోవాలి. ఇడ్లీ పిండి విషయంలో మన ఆడవాళ్లు ఎండాకాలం ఒక లెక్క, చలికాలం ఒక లెక్క పాటిస్తారు కదా, అదే ఇక్కడా. ఇది ఊరికే పోలిక కాదు. ఇడ్లీ పిండిని పొంగించే ‘ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్’ అనే సూక్ష్మజీవే కిమ్చీ పులుపును కూడా మొదలుపెడుతుంది. చద్దన్నం, పులిసిన రాగి అంబలి తాగి పెరిగిన ఈ సీమవాళ్లకు కిమ్చీ వాసన కొత్తే గానీ ఆ పులుపు కొత్త కాదు.

అక్కడ శీతాకాలం ముందు కుటుంబాలు, ఇరుగుపొరుగు కలిసి బుట్టలకొద్దీ కిమ్చీ పెట్టుకుంటారు. మన వేసవి ఆవకాయ సందడి లాంటిదే. దాన్ని ‘కిమ్జాంగ్’ అంటారు. 2013లో యునెస్కో ఈ ఆచారాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2024 డిసెంబరులో వాళ్ల సోయా ముద్దలు, సాస్‌ల తయారీ కూడా ఆ జాబితాకెక్కింది. మన ఆవకాయ ఇంకా జాడీలోనే ఉంది!

కిమ్చీ తింటే ఏ రోగమూ రాదని ప్రచారం ఒకటి నడుస్తోంది. నమ్మి గిన్నెల కొద్దీ తినకండి. అందులో ఉప్పు ఎక్కువ. సంప్రదాయ ఆసియా ఊరగాయ కూరగాయలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే జాబితాలో ఉంచింది. కొరియాలో కడుపు క్యాన్సర్ ఎక్కువే. బీపీ ఉన్నవాళ్లకు పక్కన రెండు ముక్కలు చాలు, ఊరగాయ వేసుకున్నట్టు.

కొత్త బియ్యం పనికొచ్చేది ఇక్కడే

మనకు పాత బియ్యం కావాలి, మెతుకు మెతుకూ విడిపోవాలి. కొరియాకు అది తిరగబడుతుంది. అక్కడ అన్నం అంటుకోవాలి. ఇంట్లో ముద్దవుతోందని తిట్టుకునే కొత్త పచ్చి బియ్యం దానికి సరిగ్గా సరిపోతుంది. ‘బిబిమ్’ అంటే కలపడం, ‘బాప్’ అంటే అన్నం. కలిపితే బిబిమ్‌బాప్, అంటే కలిపిన అన్నం. మనకు చెప్పాలా! గిన్నెలో వేడన్నం, దాని మీద విడివిడిగా వేయించిన క్యారెట్, పెసర మొలకలు, పాలకూర. తోటకూరైనా తప్పులేదు. కావాలంటే ఒక గుడ్డు. పైన ఎర్రటి ‘గోచుజాంగ్’ ముద్ద. సీసాలు ఇప్పుడు పెద్ద ఊళ్ల సూపర్ మార్కెట్లలో దొరుకుతున్నాయి. దొరక్కపోతే బ్యాడగి కారం, మెత్తగా నూరిన అన్నం, బెల్లం, సోయా సాస్ కలిపి ఉడికించుకోవచ్చు. అది గోచుజాంగ్ కాదు, దాని మేనత్త కూతురు లాంటిది. చివర్లో నువ్వుల నూనె చుక్కలు వేయాలి. ఇక్కడి గానుగ నల్లెణ్ణెయ్ బాగుంటుంది గానీ, వాళ్లు వేయించిన నువ్వులతో తీస్తారు కాబట్టి వాసన వేరు. కాసిన్ని నువ్వులు దోరగా వేయించి పైన నలిపి చల్లితే ఆ లోటు తీరుతుంది.

ఫ్రిజ్‌లో కిమ్చీ మూడు వారాలు దాటి మరీ పుల్లగా అయిందా? పారబోయొద్దు. రాత్రి మిగిలిన అన్నంలో వేసి, సన్నగా తరిగి, కాస్త నూనెలో ఎర్రగా వేయించండి. కొరియా ఇళ్లలో పొద్దున్నే హడావుడిగా బాక్సు కట్టాల్సి వస్తే వాళ్లు చేసేది ఇదే.