పులిచింత నిద్ర

తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో వానలు కురిసిన పిమ్మట పెరటి గోడల ప్రక్కను, బావిగట్టుల చెంతను, పూలకుండలలోను ఎవ్వరును నాటకయే మొలచు చిన్న మొక్క యొకటి కలదు. నేలపై ప్రాకెడు సన్నని తీగ, కాడకు మూడేసి హృదయాకారపు టాకులు, అయిదు రేకుల పసుపుపచ్చని పూలు దాని గురుతులు. అదియే పులిచింత. తమిళ సీమలో దీనిని పులియారై యందురు. సంస్కృతమున దీని పేరు చాంగేరి. ఆయుర్వేదమునందలి చాంగేరీఘృత మను ఔషధమునకు ఈ మొక్కయే మూలము. ఆకు నమిలినచో చింతచిగురువలె పుల్లగా నుండును. ఆక్జాలికామ్లము ఆ పులుపునకు కారణము. 1753లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు దీనికి ఆక్సాలిస్ కార్నిక్యులేటా అను శాస్త్రనామము నొసగెను.

పలువురు దీనిని కలుపుమొక్కగా నెంచి పెరికివేయుదురు. కాని కుండలో నాటి కిటికీ చెంత నుంచినచో ఇది యింటికి అందమగు మొక్క. పెంచుటయు సులభమే. అయినను శ్రద్ధతో పెంచబూనినవారే కొందఱు దీనిని చంపుకొనుచుందురు. నిర్లక్ష్యముచేత గాదు, అతిప్రేమచేత.

ఒక బాలుడు పులిచింతను కుండలో నాటెననుకొనుడు. ప్రొద్దు గ్రుంకినపుడు చూడగా ఆకులన్నియు మూసిన గొడుగులవలె క్రిందికి ముడుచుకొని యున్నవి. “అయ్యో! మొక్క వాడిపోయినది” అని యతడు చెంబెడు నీరు పోసెను. తెల్లవాఱునప్పటికి ఆకులు విచ్చుకొనెను. తాను పోసిన నీరే దానిని బ్రతికించినదని బాలుడు నమ్మెను. మఱునాటి సాయంకాలమును అట్లే జరిగెను. ప్రతిదినమును అతడు నీరు పోయుచునే యుండెను. కొన్నిదినములకు ఆకులు పసుపువాఱెను, కాడలు మెత్తబడెను, మొక్క చచ్చెను.

ఆ మొక్కకు దాహము లేదు. అది నిద్రించుచుండెను. పులిచింత రాత్రివేళ ఆకులు ముడుచుకొనును, ఉదయమున విప్పును. ఆకు కాడను కలియుచోట చిన్న కీలు వంటి భాగమొకటి కలదు. అందలి కణములలోనికి నీరు చేరుటచేతను, వెడలుటచేతను ఆకు లేచుచు, వాలుచు నుండును. మండుటెండ తగిలినపుడు పగలును ఇట్లే ముడుచుకొని తన్ను రక్షించుకొనును. చార్లెస్ డార్విన్ తన కుమారుడగు ఫ్రాన్సిస్ తోడ్పాటుతో ఇట్టి కదలికలను పరిశోధించి 1880లో ఒక గ్రంథమును ప్రకటించెను. పులిచింత జాతి మొక్కలును అతని పరీక్షలలో నుండెను.

మఱి దాహమును గుర్తించుట యెట్లు? ఆకును గాక మట్టిని పరీక్షింపవలెను. వ్రేలిని ఒక అంగుళము లోతునకు గ్రుచ్చి చూచినపుడు మట్టి పొడిగా నున్నచో నీరు పోయవలెను, తడిగా నున్నచో మానవలెను. వేళ్లకును గాలి కావలయును. మట్టి సందులన్నియు నీటితో నిండినచో వేళ్లు ఊపిరాడక క్రుళ్లును. కావున కుండ యడుగున రంధ్ర ముండవలెను. ఎఱ్ఱమన్ను, ఇసుక, మాగిన పశువుల యెరువు కలిపిన మట్టి మేలు. కణుపుల వద్ద వేళ్లుగల తీగముక్కను నాటినచో త్వరలోనే నాటుకొనును. తిరుపతిలో వేసవియందు ఎండ 40 డిగ్రీలు దాటును గనుక ఉదయపు టెండ మాత్రమే తగులునట్టి తూర్పు కిటికీ దీనికి తగిన చోటు.

పూలతోటలలో అమ్మెడు ఊదారంగు టాకుల పులిచింత వేఱొక జాతి. అది బ్రెజిలు ప్రాంతమునుండి వచ్చినది. దానికి రాత్రి నిద్రయే గాక వేసవి నిద్రయు కలదు. ఎండలు ముదిరినపుడు ఆకులన్నియు రాలి కుండ బోడిగా కనబడవచ్చును. అంతమాత్రమున దానిని పారవేయరాదు. మట్టిలోని దుంపలు సజీవముగనే యుండును. కుండను నీడ నుంచి నీరు తగ్గించి వేచియుండవలెను. చల్లని దినములు వచ్చిన పిమ్మట మరల కొద్దికొద్దిగా నీరు పోసినచో చిగుళ్లు తలయెత్తును.

జాగ్రత్తలు రెండు కలవు. పులిచింత కాయలు పండినపుడు చిట్లి గింజలను దూరముగా చిమ్మును. కాయలను ముందుగనే గిల్లివేయనిచో ప్రక్కకుండ లన్నియు దానివే యగును. కొందఱు దీని యాకును పప్పులో వండుకొందురు గాని మితముగనే వాడవలెను. మూత్రపిండములలో రాళ్లు గలవారు దీనిని తినకుండుటయే మంచిది.

ముడిచిన యాకును చూచి జాలిపడుట సహజము. కాని జాలికి ముందు పరిశీలన యుండవలెను. ఆ బాలుడు ఒక్క రాత్రి నీరు పోయక వేచియున్నచో, తెల్లవాఱునప్పటికి ఆకులు తమంతట తామే విచ్చుకొనుట చూచి యుండును. ఆ యొక్క రాత్రి యోర్పు మొక్కను బ్రతికించి యుండెడిది.