ప్రాణాలు దక్కిన తరువాత

1977 నవంబరు 19వ తేదీన కృష్ణా జిల్లా దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి గ్రామాలను ఊడ్చివేసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది అసువులు బాసారు. పదమూడేళ్లు నిండకముందే, 1990 మే 9న, తీవ్రతలో ఇంచుమించు దానికి సాటిరాగల మరొక పెనుతుపాను అదే కృష్ణా ముఖద్వారం సమీపాన తీరాన్ని దాటింది. ఈ పర్యాయం మృతుల సంఖ్య వేయికి లోపే. ఉపగ్రహ చిత్రాలు, రాడారు పరిశీలన, ముందుగా అందిన హెచ్చరికలు, 6 లక్షలకు పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించిన సిబ్బంది దీక్ష కలిసి సాధించిన విజయమది. అందుకు మనం ఎంత గర్వించినా తగును.

అయితే అదే 1990 లెక్కలలో మరొక అంకె ఉన్నది. ఆనాడు దెబ్బతిన్న ఇండ్లు 14 లక్షలకు పైబడినవి. మనుషులను లారీలలో ఎక్కించి తరలించవచ్చును; ఇంటిని తరలించలేము. పునరావాస కేంద్రం నుండి తిరిగివచ్చిన కుటుంబానికి తమ ఇల్లు ఉండవలసిన చోట బురద మాత్రమే కనిపిస్తే, ఆ తరువాతి జీవితం ఎట్లా సాగాలన్నది ఏ హెచ్చరికా తీర్చలేని సమస్య.

తీరగ్రామంలో ఇల్లంటే మట్టిగోడలు, తాటాకు కప్పు మాత్రమే కాదు. రాబోయే పంటకు దాచిన విత్తనాలు, చూరున వేలాడే వల, పెరటిలోని గేదె, రేకుపెట్టెలోని పట్టా, రేషను కార్డు, పిల్లవాని పదవ తరగతి సర్టిఫికెట్టు అన్నీ కలిస్తేనే ఇల్లు. ఆ కాగితాలు కొట్టుకుపోయిన మనిషి నష్టపరిహారం కోరడానికి ముందు తానెవరో రుజువు చేసుకోవలసి వస్తుంది. ఇది పల్లెవాసులకే పరిమితమైన కష్టం కాదు. తీరప్రాంత కాలనీలలో నివసించే మన కుటుంబాలు కూడా అక్టోబరు రాకముందే సర్వీసు కాగితాలు, బీమా పాలసీలు, ఇంటి దస్తావేజులు నీరు చొరని సంచిలో భద్రపరచుకోవడం మంచిది.

ఉప్పెన వెనుకకు పోయినా ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. బావులు, చెరువులు తోడి శుభ్రం చేయాలి. పొలాలలోని ఉప్పు కాలువనీటితోనో వాననీటితోనో కడిగిపోవాలి. అందుకు మురుగు కాలువల పూడిక ముందు తీయాలి. ఒక్క కుటుంబం ఎంత శ్రమించినా ఇది జరిగే పని కాదు, ఊరంతా పలుగూ పారా పట్టవలసిందే. దివిసీమ పునర్నిర్మాణానికి మండలి వెంకటకృష్ణారావు గారి వంటి నాయకులు, దేశం నలుమూలల నుండి వచ్చిన సేవాసంస్థలు చేసిన కృషి చిరస్మరణీయమే. ఆ కృషికి చేయి కలిపిన గ్రామస్థుల శ్రమ కూడా అంతే స్మరణీయమని మేము భావిస్తున్నాము.

సహాయం చేసే విధానంలో కొంత వివేకం అవసరం. చిరిగిన బట్టల మూటలు పంపి, దానం పేరిట మన అలమరాలు ఖాళీ చేసుకోరాదు. సామూహిక వంటశాల మొదటి కొద్దిరోజులకు ప్రాణాధారమే. కాని నాలుగు గిన్నెలు, ఒక పొయ్యి, కొద్దిపాటి బియ్యం ఇచ్చినట్లయితే ఆ గృహిణి తన వారికి తాను వండిపెట్టుకోగలదు. వరుసలో పళ్లెం పట్టుకొని నిలబడే అవస్థ తప్పుతుంది. కొత్త ఇండ్లు కట్టేటప్పుడు సైతం వారిని అడిగి కట్టడం మేలు. సముద్రానికి దూరంగా పక్కా ఇల్లు ఇస్తే మత్స్యకారుడు తన పడవను, వలను కనిపెట్టుకొని ఉండలేడు. ఇరుగుపొరుగును విడదీసి లాటరీ పద్ధతిన ఇండ్లు పంచడం మరొక పొరపాటు. భర్తను, బిడ్డను పోగొట్టుకున్న స్త్రీకి కొత్త గోడల కన్నా పాత పొరుగామె అవసరమే ఎక్కువ.

తుపాను ఆశ్రయ భవనాలను ఏడాది పొడవునా పాఠశాలలుగా వాడుకునే పద్ధతి మాకు ఎంతో నచ్చినది. దినమూ ఎక్కే మెట్లు పిల్లలకు చీకటిలోనైనా తెలుస్తాయి. తాళంచెవి ఎక్కడో దూరాన కార్యాలయంలో ఉండే భవనం, ఎంత దృఢమైనదైనా, గాలి మొదలైన రాత్రి ఎవరికి ఉపయోగం?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరవాసులకూ ఈ అనుభవం కలిగింది. విద్యుత్తు లేదు, ఫోన్లు మూగవోయాయి, వేలాది చెట్లు నేలకొరిగాయి. అద్దాలు పగిలిన ఇండ్లలో తడిసిన పరుపుల నడుమ కూర్చున్న వారికి ఎదురింటివారు ఇచ్చిన బిందెడు నీరే పెద్ద ఆసరా అయింది.

మన సహోద్యోగి ఇల్లు దెబ్బతిన్నప్పుడు మొదటి వారం అందరమూ వెళ్తాము. రెండవ నెలలో వెళ్ళేవారు అరుదు. టార్పాలిన్ చిరిగేది, అప్పిచ్చినవారు అడగడం మొదలుపెట్టేది, గాలి హోరుకు పిల్లలు నిద్రలో ఉలిక్కిపడుతున్నారని తల్లి నోరు తెరిచి చెప్పుకునేది అప్పుడే. దరఖాస్తు పట్టుకొని ఆయనతోపాటు ఒక పూట కార్యాలయానికి నడవడానికి, ఒక ఆదివారం కప్పు వేయడంలో చేయి అందించడానికి సెక్షనుకు ఇద్దరు ముందుకు వస్తే చాలును.