మోటారు మూలిగితే వెంటనే ఆపండి

రామగుండం ఎన్.టి.పి.సి. కేంద్రంలో 1983లో తొలి యూనిట్ పనిచేయడం మొదలైంది. అక్కడి విద్యుత్తు 4 లక్షల వోల్టుల లైన్ల మీద బయలుదేరి, మెట్టు మెట్టుగా తగ్గుతూ, చివరకు ఊరి ట్రాన్స్‌ఫార్మరు వద్ద 11,000 వోల్టుల నుండి సుమారు 415 వోల్టులకు దిగుతుంది. ఆ కరెంటే మన పాల కూలరు మోటారును తిప్పుతుంది. కదలని ట్రాన్స్‌ఫార్మరు, గిర్రున తిరిగే ఇండక్షన్ మోటారు ఒకే సూత్రం మీద పనిచేస్తాయని సభ్యులలో చాలామందికి తెలియదు.

ట్రాన్స్‌ఫార్మరులో ఇనుప రేకుల దిమ్మ మీద రెండు తీగచుట్టలుంటాయి. మొదటి చుట్టలోని కరెంటు అయస్కాంత శక్తిని కలిగిస్తుంది. ఆ శక్తి రెండవ చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. రెంటినీ కలిపే తీగ ఉండదు. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిదే. మోటారులో స్టేటరు మొదటి చుట్ట వంటిది, రోటరు కడ్డీలు రెండవ చుట్ట వంటివి. రోటరుకూ తీగ కలపరు.

భేదమేమిటంటే, ట్రాన్స్‌ఫార్మరు కరెంటు పుచ్చుకొని కరెంటే ఇస్తుంది. పాలు ఒక కొలత నుండి మరొక కొలతకు పోసినట్లన్నమాట. మోటారు పాలు చిలికి వెన్న తీసినట్లు, కరెంటును తిరిగే శక్తిగా మారుస్తుంది. రోటరు తిరగాలి గనుక మధ్య సన్నని గాలి సందు ఉంచుతారు. అందుచేత బరువు లేకున్నా మోటారు చెప్పుకోదగ్గ కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు అలా లాగదు.

ముఖ్య విషయమొకటి. రోటరు కడ్డీల కొనలన్నీ రింగులతో కలిపివేసి ఉంటాయి. కాబట్టి తిరగకుండా నిలిచిన మోటారు షార్టయిన ట్రాన్స్‌ఫార్మరుతో సమానం. పూర్తి బరువు మీద లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. తిరగడం మొదలైతేనే అది తగ్గుతుంది.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో ఒక ఫేజు పోయింది. మోటారు తిరగక మూలిగింది. సిబ్బంది స్విచ్చి మళ్ళీ మళ్ళీ వేశారు. వైండింగు కాలింది. 4 డిగ్రీలకు చల్లబడవలసిన పాలు పులిసిపోయాయి. ఆ నష్టం సభ్యుల బోనసులోనే తగ్గింది.

కనుక సంఘాలు ఈ క్రింది జాగ్రత్తలు పాటించవలెను:

1. మోటారు మూలిగితే వెంటనే స్విచ్చి ఆపి, మూడు ఫేజులూ చూపించవలెను.

2. సింగిల్ ఫేజ్ ప్రివెంటరు, ఓవర్‌లోడ్ రిలే తప్పక ఉంచవలెను. రిలే పడితే కారణం తెలియకుండా తిరిగి వేయరాదు.

3. వోల్టేజి బాగా తగ్గినప్పుడు మోటారు నడపరాదు. అదే బరువుకు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

4. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను పిలవవలెను. సభ్యులెవరూ స్తంభమెక్కరాదు. మోటారు కాలితే మళ్ళీ చుట్టించవచ్చు, మనిషి పోతే తిరిగి రాడు.