నకళ్లలో గూగుల్ దేన్ని చూపిస్తుంది?

వార్తా ఏజెన్సీ పంపిన కథనం పొల్లు పోకుండా పది సైట్లలో వస్తుంది. అందులోని ఓ వాక్యాన్ని గూగుల్‌లో వెతికితే మాత్రం పది లింకులూ కనిపించకపోవచ్చు. కొన్నిటిని చూపించి, ఇలాంటివే మరికొన్ని వదిలేశామని అడుగున ఓ గమనిక పెడుతుంది. దాంతో తమ సైటుకు శిక్ష పడిందని నిర్వాహకులు కంగారు పడతారు. మామూలు నకళ్లకు శిక్షంటూ ఏదీ లేదని గూగుల్ 2008లోనే చెప్పింది. ఒకే పాఠాన్ని పదిసార్లు చూపించడం దండగ కాబట్టి ఒకదాన్ని ఎంచుకుంటుంది, అంతే.

నకళ్లన్నీ దొంగతనాలూ కావు. వెబ్‌లో 25 నుంచి 30 శాతం నకళ్లేనని 2013లో గూగుల్ ఇంజినీరు మాట్ కట్స్ చెప్పారు. చీరలమ్మే సైటులో ధర వారీగా ఒకసారి, రంగు వారీగా ఒకసారి చూస్తే అదే జాబితాకు రెండు చిరునామాలు పుడతాయి. ప్రింటు తీసుకోవడానికి పెట్టిన పేజీ ఇంకొకటి. మనకు ఒక్కటే, యంత్రానికి మూడు.

మక్కీకి మక్కీ నకలైతే పట్టుకోవడం తేలిక. అక్కడక్కడ మాట మార్చినదాంతోనే చిక్కు. దీనికి 1997లో, గూగుల్ ఇంకా కంపెనీ కాకముందే, కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రే బ్రోడర్ బృందం ఉపాయం కనిపెట్టింది. 'ఉత్తర కోస్తాలో రేపు భారీ వర్షాలు కురుస్తాయి' అన్న వాక్యాన్ని మూడేసి మాటల చొప్పున తీసుకుందాం. 'ఉత్తర కోస్తాలో రేపు', 'కోస్తాలో రేపు భారీ', 'రేపు భారీ వర్షాలు', 'భారీ వర్షాలు కురుస్తాయి': మొత్తం నాలుగు ముక్కలు. 'రేపు' తీసేసి 'ఎల్లుండి' పెడితే మూడు మారిపోతాయి. అదే నాలుగు వందల మాటల కథనమైతే 398 ముక్కల్లో మారేవీ ఆ మూడే! రెండు పేజీల్లో ఉమ్మడి ముక్కలెన్నో లెక్కేస్తే గుట్టు రట్టవుతుంది. అప్పటి సెర్చ్ ఇంజిన్ ఆల్టావిస్టా సేకరించిన 3 కోట్ల పేజీల మీద వాళ్లు ఈ పద్ధతిని నడిపి చూశారు. 2007లో గూగుల్ పరిశోధకులు మరో దారిలో ఒక్కో పేజీకి 64 బిట్ల (సున్నాలు, ఒకట్ల) ముద్ర వేశారు. రెండు ముద్రల మధ్య తేడా మూడు బిట్లకు మించకపోతే ఆ పేజీలు దాదాపు ఒకటే.

మరి వాటిలో దేన్ని చూపాలి? యజమానే చెప్పుకునేందుకు 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 'కెనానికల్' ట్యాగ్ తెచ్చాయి. అయితే అది సూచనే, ఆజ్ఞ కాదు. ఇతర సైట్ల నుంచి వచ్చే లింకులు, దారి మళ్లింపులు, సైట్‌మ్యాప్ కూడా చూసి గూగుల్ తన నిర్ణయం తాను తీసుకుంటుంది. అందుకే రాసిన చిన్న సైటు అడుగున పడి, ఎత్తుకెళ్లిన పెద్ద సైటు పైన కనిపించడమూ ఉంది. శిక్ష పేరుతో భయపడేవాళ్లు నిజంగా పట్టించుకోవలసింది ఈ అన్యాయాన్ని.

కాబట్టి మీ కథనాన్ని మరో సైటుకు ఇస్తుంటే, వాళ్ల పేజీకి 'నోఇండెక్స్' (ఈ పేజీని వెతుకులాటలో చూపొద్దనే) ట్యాగ్ పెట్టాలని ముందే షరతు పెట్టండి. గూగుల్ ఇప్పుడిస్తున్న సలహా కూడా అదే. అడగకుండా ఎత్తుకెళ్లినవాళ్ల మీద గూగుల్‌కు కాపీరైట్ ఫిర్యాదు చేయొచ్చు.